ఎత్తి పట్టిన చేతులు

“టీల సంగతి దేవకుమారి చూసుకుంటుంది లెండి,” అన్నాడు శ్యామ్ సుందర్. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ బళ్లో టీచర్లే. అయినా ఫిల్ము చూపించేవాళ్లు ఊరికొచ్చిన రోజున టీ పళ్లెం ఆమె చేతికే వచ్చింది.

బడి కిటికీలకి దుప్పట్లు కట్టి గోడ మీద బొమ్మ వేశారు. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడాది ఎవరో తీసి, ఏ పెట్టెలోనో మరిచిపోయిన రీళ్లట. వాటిని ఏరి, ఒకచోట కూర్చి, ఆనాటి కరువుని సినిమాగా కట్టింది తేజశ్రీ అనే అమ్మాయి. వెనకనుంచి ఓ మగగొంతు రైతు పడిన పాట్లు చెబుతోంది. గోడ మీద మాత్రం అందరూ ఆడవాళ్లే. మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు.

పక్కనున్న పిన్ని మార్తమ్మ దేవకుమారి కొంగు గుంజింది. “ఏమేవ్, చూడు! మీ అమ్మే! ఆ చంటిది నువ్వేనే!”

దేవకుమారికి నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. ఇంట్లో ఫొటో అయినా లేదు. మిగిలిన జ్ఞాపకం ఒకటే. తను దగ్గరికి వెళ్తే అమ్మ రెండు చేతులూ పైకెత్తేసి “దూరం, దూరం” అనడం. పెళ్లయిన కొత్తలో నోరుజారి ఆ మాట చెప్పింది. “కన్నతల్లే ముట్టనిదానివి, బిడ్డని లాలించడం నీకేం తెలుసులే,” అని అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంది. నిజమేనేమోనని దేవకుమారి కూడా అనుకుంది.

గోడ మీద చంటిది అమ్మ వైపు పాకింది. అమ్మ చేతులు చప్పున పైకి లేచాయి. వాటిని గాలిలో అలాగే ఉంచి, మోచేతులతో బిడ్డని ఒడిసి ఎత్తుకుంది. జబ్బతో ముక్కు తుడిచింది. బుగ్గకి బుగ్గ ఆనించి కళ్లు మూసుకుంది. అంతసేపూ పది వేళ్లూ విచ్చుకుని, దూరంగా, ఒక్కటీ బిడ్డకి తగలకుండా ఉన్నాయి. ప్రార్థనలో కూడా అంత భయభక్తులతో ఎత్తిన చేతుల్ని దేవకుమారి చూడలేదు.

“కారానికి చేతులు భగభగ మండేవే తల్లీ. నీ కళ్లలో పడుద్దేమోనని దాని భయం,” అంది మార్తమ్మ.

“నాకెప్పుడూ చెప్పలేదేం పిన్నీ?”

“నువ్వడిగితేగా.”

బొమ్మ కింద అక్షరాలు పడ్డాయి: ‘గుర్తు తెలియని కూలీ.’

దేవకుమారి లేచింది.

“కూర్చో, అందరూ చూస్తున్నారు. టీలు చల్లారిపోతున్నాయి,” అన్నాడు శ్యామ్ సుందర్.

ఆమె పళ్లెం తీసి అతని ఒళ్లో పెట్టింది. “కాస్త ఆపమ్మా,” అంటూ గోడ దాకా నడిచి, బొమ్మ వెలుతుర్లో నిలబడి అందరి వైపూ తిరిగింది. “ఆ మాట కొట్టేసి రాసుకో. ఈమె పేరు రూతమ్మ. నేను ఆమె కూతుర్ని.”

తేజశ్రీ బొమ్మని ఆపింది. ఆగిన బొమ్మలో అమ్మ అరచేతులు రెండూ దేవకుమారి మొహం మీద ఉన్నాయి.