లేబుల్ లేని బరోలో

"అత్తా, ఈ సీసాల మీద లేబుళ్ళేవి?"

"పీకేశాను," అంది శాంత, కొబ్బరికాయ పీచు తీస్తూ. "చన్నీళ్ళలో నానబెడితే ఎంత శుభ్రంగా వచ్చాయో! సాయంత్రం వ్రతానికి సగం వాంకూవర్ మనింటికొస్తోంది. గుడి కమిటీ పెద్ద జనార్ధనరావు గారు చూస్తే నా పరువేం కాను? అడిగితే ద్రాక్ష షర్బత్ అని చెప్దామనుకున్నా."

తారక్ సీసాలని అటూ ఇటూ తిప్పి చూశాడు. గట్టు మీద రెండు సీసాలు, కవల పిల్లల్లా. ఒకటి బరోలో అనే ఖరీదైన ఇటాలియన్ వైను, ఇరవై ఏళ్ళ నాటిది. అతను పనిచేసే ఇటాలియన్ రెస్టారెంట్ ఓనరు మార్కోది. సెల్లార్‌లో కూలింగ్ చెడిపోతే, "మీ బేస్‌మెంట్ చల్లగా ఉంటుంది కదా, జాగ్రత్త" అని ఇచ్చాడు. రెండోది తారక్ సొంతానికి కొనుక్కున్న పదిహేను డాలర్ల వైను.

ఐదింటికి మార్కో తల్లి అసుంతా తొంభయ్యో పుట్టినరోజు. బరోలో తెరిచాక, కెనడాలో స్థిరపడ్డానికి తారక్‌కి కావలసిన పీఆర్ లెటర్ మీద సంతకం పెడతానన్నాడు మార్కో. ఇప్పుడు టైము నాలుగు.

"ఏది ఏదో తెలీడం లేదత్తా!"

"మూత తీసి చూడరా."

"తీస్తే ఇంకేం మిగుల్తుంది?"

తారక్ సీసాలు పట్టుకుని స్టోర్‌రూమ్‌లోకి దూరాడు. లైటార్పి, ఫోన్ టార్చి సీసా మెడకి ఆనించాడు. మొదటి దాంట్లోంచి వెలుతురు ఇటుక రంగులో ఇవతలికొచ్చింది. రెండో దాంట్లో కాటుకే.

వెనకాలే వచ్చిన శాంత తేల్చేసింది. "ఆ నల్లదేరా ఖరీదైంది. ఇది నీళ్ళ చారులా ఉంది."

"అందరూ అక్కడే బోల్తా పడతారు. బరోలో రంగు పల్చనే. ఇటలీ వాయవ్య మూల పీడ్‌మాంట్ కొండల్లో నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. చూడ్డానికి నాజూకు. నోట్లో పోస్తే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు వగరు."

"వగరుకి డబ్బులు పోస్తారా? ఖర్మ! మరి నల్లది?"

"అదీ ఇటలీదే, అబ్రుజ్జో ప్రాంతానిది. తూర్పు సముద్రం వైపు. మెత్తగా ఉంటుంది, ఎవరితోనైనా కలిసిపోతుంది."

"మన జనార్ధనరావు గారి టైపన్నమాట."

టార్చిని నమ్మి జీవితం పణంగా పెట్టే ధైర్యం లేక, రెండు సీసాలూ సంచీలో వేసుకుని కారెక్కాడు.

రెస్టారెంట్‌లో మార్కో అప్పటికే ఉపన్యాసంలో ఉన్నాడు. "మా నాన్న పుట్టిన కొండల వైన్! అమ్మకి ప్రాణం!"

తారక్ పల్చటి సీసా తెరిచాడు. బిరడా మీద పేరుంటుందని ఆశపడ్డాడు. బోసిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండిన గులాబీలు, వాటి వెనక కొత్తగా వేసిన తారురోడ్డు వాసన. బరోలోనే! ఊపిరి వదిలి గ్లాసులో పోశాడు.

అసుంతా ఒక గుక్క తాగింది. ముఖమంతా ముడుచుకుపోయింది. గ్లాసు అవతలికి నెట్టేసింది.

మార్కో గిర్రున తిరిగాడు. "ఏం తెచ్చావు? దీని లేబులేది?"

"మా అత్త పీకేసింది."

"మీ అత్త..." మార్కో మెడ నరాలు ఉబ్బాయి. "ఆ లెటర్ సంగతి మర్చిపో."

"సర్, ఇది బరోలోనే!"

"మా అమ్మకి తెలీదా?"

"బరోలోనేరా," అంది అసుంతా. "అదే నా బాధ. మీ నాన్నది పీడ్‌మాంట్. నాది అబ్రుజ్జో. అరవై ఏళ్ళు ఆయన మనసు నొప్పించలేక ఈ వగరు మింగాను. ఆయన పోయాడు కదా, ఇకనైనా వదలరా!" అని సంచీ వైపు చూసింది. "అందులో ఏముందబ్బాయ్?"

"అబ్రుజ్జో వైనండీ. చవకది."

"తియ్యి!"

నల్లటి వైను గ్లాసు నిండా పోశాడు. ముసలావిడ సగం ఒక్క గుక్కలో లాగించి, మూతి తుడుచుకుంది. "ఒరే మార్కో, ఆ కాగితం మీద సంతకం పెట్టు. తొంభై ఏళ్ళకి నాక్కావలసింది తెచ్చినవాడు వీడొక్కడే."

మార్కో జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. తర్వాత తండ్రి పరువు కాపాడాలనుకున్నాడేమో, తల్లి వదిలేసిన బరోలో అందుకుని గటగటా తాగేశాడు. దవడలు పీక్కుపోయాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అద్భుతం," అన్నాడు.

"మీ నాన్నా అచ్చం ఇలాగే అబద్ధమాడేవాడు," అంది అసుంతా, గ్లాసు మళ్ళీ తారక్ ముందుకి జరుపుతూ.