సీసా తేలికైన ఏళ్లు

నేను ఒక వల గుడారాన్ని. నాలో ఎవరూ పడుకోరు. ఎగిరే పురుగులు నా గోడకు తగిలి, వెలుతురు కోసం పైకి పాకి, కొసన కట్టిన స్పిరిట్ సీసాలో పడి చస్తాయి. ఏలూరులో ఒక దర్జీ పెళ్లి షామియానాల మధ్య కూర్చుని, ఇదెందుకో అర్థంకాకుండానే నన్ను కుట్టాడు. కుట్టించిన సువర్చల కీటకాల పరిశోధకురాలు. తోటల్లో పురుగులు ఏటికేడు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో చూడటం ఆమె పని. మామిడి పూతకాలంలో నన్ను నూజివీడు దగ్గర జోగారావు తోటలో నిలబెట్టేది.

జోగారావు నన్ను మొదటినుంచీ నమ్మలేదు. భూమి లాక్కునే ఎత్తేమోనని నా చుట్టూ తిరిగేవాడు. సువర్చల అతణ్ణి నమ్మలేదు. మొదట్లో నల్లగా నిండే సీసా ఏడాదికేడాది తేలికవుతుంటే, ఒకనాడు దాన్ని ఎండకు ఎత్తిపట్టి అడిగేసింది.

"నిజం చెప్పండి జోగారావుగారూ, పూత మీద మందు కొట్టారు కదూ?"

"నా పిల్లల మీదొట్టు, కొట్టలేదమ్మా! అసలు మీ గుడారమే నా తోటలో ఈగల్ని మింగేస్తంది. ఈగ వాలకపోతే పిందెట్టా పడద్ది?"

ఆమె విసురుగా వెళ్లిపోయింది. అతను నా తాళ్లు కోసి, చుట్టచుట్టి షెడ్డులో పడేశాడు. పక్కనే పురుగుమందు డబ్బాలు. ఒక్కదాని మూతా తీయలేదు, అన్నిటి మీదా దుమ్ము. అతను అబద్ధమాడలేదు. చెప్పడానికి నాకు నోరేది?

మరుసటి ఏడు నేను లేకుండానే పూత వచ్చింది. నేను లేకపోయినా పిందె పడలేదు. చెట్ల కింద నిలబడి జోగారావు చెవి రిక్కించడం షెడ్డు తలుపులోంచి కనిపించింది. ఈగల రొద లేదు.

ఆపై పూతకాలానికి తనే నన్ను బయటికి తీసి, తెగిన తాళ్లు ముడివేసి, సువర్చలకు ఫోన్ చేశాడు. ఆమె వచ్చి ముందు నా కుట్లన్నీ తడిమి చూసింది. అతను ఆమెను షెడ్డులోకి తీసుకెళ్లి డబ్బాలు చూపించాడు. ఆమె ఒక మూత మీద దుమ్మును వేలితో తుడిచింది.

"నన్ను క్షమించండి. మీ తోటే కాదు, గుడారం వేసిన ప్రతి తోటలోనూ ఇంతే."

"మరి ఇదంతా ఎవరు చేశారమ్మా?"

ఆమె వేలికంటిన దుమ్మును కొంగుకు తుడుచుకుంది. వేలెత్తి చూపడానికి ఎదురుగా ఒక మనిషి లేకపోతే మనుషులెంత బెంబేలు పడతారో అప్పుడు చూశాను.

నన్ను మళ్లీ చెట్ల మధ్య కట్టారు. చాలాసేపటికి ఒక ఈగ నా గోడ మీద వాలి పైకి పాకసాగింది. ఇద్దరూ దగ్గరికి వంగి చూశారు.

"దీన్ని చంపకుండా లెక్కెట్టలేమా అమ్మా?"

సువర్చల నా కొసనున్న సీసాను ఊడదీసింది. ఈగ ఆ కంతలోంచి పూత మీదికి ఎగిరిపోయింది.

"ఒకటి," అంది ఆమె.