ఒడ్డున ఉన్నోళ్లకు చెప్పని సరుకు

అల్లుడు నాగార్జున ఓడ దిగి నిన్న సాయంత్రం వీపనగండ్లకు వచ్చినప్పటి నుంచీ కాశయ్యకు మనసు మనసులో లేదు. కూతురు దీపిక పుట్టింట్లోనే పురుడు పోసుకుంది. అల్లుడు బిడ్డను చూడటం ఇదే మొదలు. ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి ఓడలో వండిన కూర దాకా చెప్పే మనిషి, ఈసారి ఏం సరుకు మోశారంటే "సామాను" అని ఊరుకున్నాడు. ఏ దారిన వచ్చారంటే "సముద్రం మీద" అన్నాడు. సముద్రం మీద కాక జూరాల కాలువలో వస్తారా!

పొద్దున దీపిక ఉతకడానికి అతని అంగి తీస్తే జేబులోంచి చిన్న బిళ్ల జారిపడింది.

"ఒంటికెంత సోకిందో చూసేటిది. మరిచి ఎంబడి తెచ్చిన. నాకేం సోకలే" అన్నాడు నాగార్జున, ఎవరూ అడగకముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. కాశయ్య పసిదాన్ని గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఏం సోకుతది? చెప్పేదాంక పిల్లనియ్య."

అణుకరెంటు తయారయ్యాక మిగిలే చెత్తట, దాని కిరణాలు ఒంటికి సోకుతాయట. ఒక పరదేశం నుంచి ఇంకో పరదేశానికి మోశారట.

"ఓడకు రెండు పొరలుంటయి మామా. సరుకు మందమైన ఉక్కు పీపాలల్ల ఉంటది. అన్నీ కొలిచినంకనే ఓడ కదుల్తది. రూల్స్ గట్టిగుంటయి."

"మరి దారిల ఒడ్డున ఉన్నోళ్లకు చెప్తరా?"

"చెప్పాలని రూలు లేదు. చెప్తే దొంగల కండ్లు పడ్తయంటరు."

కాశయ్యకు ఒళ్లు మండింది. "మా చిన్నప్పుడు కలరా వస్తే అమ్మవారి బండిని పొలిమేర దాటిస్తుంటిమి. అవతలి ఊరికి ముందుగాల కబురు పోవాలె. చెప్పకుంట ఇడిచొస్తే తలకాయలు పగిలేటివి. గంత సదువుకున్నోళ్లు, గిట్ల దొంగల లెక్క పోతరా?"

"గది దేవుని బండి, గిది సైన్సు. దవాఖానల నన్ను పరీక్ష చేసే పంపిన్రు. జర నమ్ము మామా."

దీపిక కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి కాశయ్య మెత్తబడ్డాడు. ఎంత అనుమానమున్నా తండ్రీబిడ్డల మధ్య అడ్డం పడితే బాగుంటుందా? లేచి పసిదాన్ని అల్లుడికి అందించాడు.

"తీస్కో. నువ్వన్నదే నిజమైతది."

నాగార్జున చేతులు సగం దాకా వచ్చి ఆగాయి. పసిది కాళ్లాడించింది. ఆ చేతులు మెల్లగా వెనక్కి పోయాయి.

"ఇంకో నెల పోనీ మామా" అన్నాడు, నేల చూస్తూ.

దీపిక పిల్లను తన చేతుల్లోకి తీసుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"రాత్రి ఒక్క చాప మీద పండుకున్నం" అంది మొగుడితో. "నాకు చెప్పాలని సుత రూలు లేకుండెనా?"