ఆగకుండా పోయిన వ్యాన్

మా అక్క నోరీన్‌కి చిన్నప్పటి నుంచీ కోపం తక్కువ. నాకున్న నోరు ఆమెకు లేదు. ఏళ్ల తరబడి పల్లెల్లో బడి బస్సు నడిపింది. వెనకాల పిల్లలు ఎంత కొట్టుకున్నా, ఎంత అరిచినా అద్దంలోంచి ఒక్క చూపు చూసేది. బస్సు సద్దుమణిగేది. అలాంటి మనిషికి పోయిన శీతాకాలంలో వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గకూడదనే నా కోరిక కూడా.

మా బావ డెస్మండ్ పెర్త్‌లో టైల్స్ దుకాణం నడిపి, దాన్ని అమ్మేసి, ఆ ఏడే పడకా పొయ్యీ అన్నీ ఉన్న వ్యాన్ ఒకటి కొన్నాడు. చలికాలమంతా ఆస్ట్రేలియా పడమటి తీరం వెంబడి ఉత్తరానికి పోతూ, నచ్చిన చోట ఆగుతూ గడపాలని ఇద్దరూ అనుకున్నారు. అక్క ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన ప్రయాణం అది. కానీ కొన్న రోజు నుంచి బావ ఆమెను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. బస్సు వేరు, ఇది వేరు అనేవాడు. ఏం వేరో చెప్పేవాడు కాదు. బయట తిరిగిన బట్టలతో ఆ పడక మీద కూర్చోనిచ్చేవాడు కాదు. టీ కప్పు ఎక్కడ పెట్టాలో, తలుపు ఎంత మెల్లగా వెయ్యాలో అన్నిటికీ ఒక పద్ధతి. అక్క సర్దుకుపోయింది. సముద్రం చూడ్డానికి వెళ్తున్నాం, టీ కప్పు కోసం గొడవెందుకు అనుకుంది.

కార్నర్వన్ పట్నం దాటాక ఆ రోడ్డు మీద గంటల తరబడి ఒక ఇల్లు కనబడదు. ఎర్రమట్టి, మోకాలెత్తు గడ్డి దుబ్బులు, ఎప్పుడైనా రోడ్డు దాటే ఈమూ పక్షులు. ఫోను పనిచెయ్యదు. ఆ రోజు బావ తొందరలో ఉన్నాడు. కొండ అంచున సముద్రానికి ఎదురుగా వ్యాన్లు ఆపుకునే మకాం ఒకటి ఉంది, అక్కడ ముందు వచ్చినవాళ్లకే చోటు. మధ్యాహ్నం లోపు చేరకపోతే అంచున జాగా దొరకదని పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాడు.

అప్పుడు రోడ్డు పక్కన పాత తెల్ల కారు ఒకటి, ముందు మూత ఎత్తి ఉంది. ఒక యువతి తువ్వాలు ఊపుతోంది. కారు నీడలో దుప్పటి పరుచుకుని ఒక ముసలావిడ కాళ్లు చాపుకు కూర్చుంది. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని చిన్న పిల్ల పడుకుంది. ఆ నేల అసలు మనుషులు, నల్లవాళ్లు. బావ వేగం తగ్గించాడు. అక్క నీళ్ల క్యాను అందుకోవడానికి వెనక్కి వంగింది. ఆమె ఇంకా వంగి ఉండగానే వ్యాన్ మళ్లీ వేగం అందుకుంది.

"డెస్, ఆపు" అంది అక్క.

"ఎవరో ఒకరు వస్తారులే."

"మనమే వచ్చాం కదా."

ఇలాంటి చోట్ల ఆగితే ఏమవుతుందో తెలీదన్నాడు బావ. ఒకరు చెయ్యి ఊపుతారట, పదిమంది పొదల్లో ఉంటారట. మకాముల్లో జనం చెప్పుకుంటుంటే విన్నాడట. ఆ గడ్డిలో కుందేలు కూడా దాక్కోలేదని అక్క అంది. రెండు రోజుల కిందట ఇదే రోడ్డు మీద జర్మనీ నుంచి వచ్చిన కుర్ర జంటకి టైరు పోతే ఈయనే ఆగాడు. చొక్కా మాపుకుని టైరు మార్చాడు, బీరు ఇచ్చాడు, సాయంత్రం దాకా వాళ్లతో నవ్వుతూ కూర్చున్నాడు. అక్క ఆ మాటే ఎత్తింది.

"అది వేరు" అన్నాడు బావ.

"ఏం వేరు?"

బావ రేడియో పెట్టాడు. అక్కడ రేడియో కూడా అందదు, ఉత్త గరగర. ఆ గరగర వింటూనే మకాం దాకా పోయారు. అక్క మరో రెండుసార్లు వెనక్కి తిప్పమని అడిగింది. తర్వాత అడగలేదు.

అంచున జాగా దొరికింది. కింద సముద్రం రాళ్లకు కొట్టుకుంటోంది. బావ హుషారుగా చక్రాల కింద చెక్కలు పెట్టి వ్యాన్ సమంగా నిలబెట్టాడు. పక్కకి గుడ్డ పందిరి దించాడు. మడత కుర్చీలు వేశాడు. అడిలైడ్ నుంచి వచ్చిన జంట పక్క జాగాలో ఉంటే వాళ్లతో చేపల గురించి మాట కలిపాడు. అక్క వ్యాన్ మెట్టు మీద కూర్చుని ఇదంతా చూసింది. 

గాలం పట్టుకుని బయల్దేరుతున్న బావ దగ్గరికి వెళ్లి వ్యాన్ తాళం ఇమ్మంది.

"ఎందుకు?"

"వెనక్కి వెళ్తాను."

"దీని గేర్లు నీకు తెలీవు నోర్. పైగా ఇప్పుడు కదిలిస్తే ఈ జాగా పోతుంది. వాళ్లని ఈపాటికి ఎవరో తీసుకెళ్లుంటారు. పిచ్చి వేషాలు మాని టీ పెట్టు."

అక్క టీ పెట్టలేదు. లోపలికి వెళ్లి చెంచాల సొరుగులో ఉన్న రెండో తాళం తీసుకుంది. బయటికి వచ్చి గుడ్డ పందిరి చుట్టింది. చక్రాల కింది చెక్కలు కాలితో తన్ని తీసింది. బావ పందిరి గుడ్డ ఒక చివర పట్టుకుని లాగుతూ, జనం చూస్తున్నారని పళ్లు బిగించి అన్నాడు. చూడనీ అంది. ఆయన కుర్చీ, ఐసు పెట్టె, కోటు, స్లీపింగ్ బ్యాగు, బ్రెడ్డు ప్యాకెట్టు వరసగా నేల మీద పెట్టింది.

"జాగా పోతుందన్నావుగా. కూర్చుని కాపలా కాయి."

అడిలైడ్ ఆవిడ చేతిలో కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయిందట.

తిరుగు దారిలో అక్క ముప్ఫై ఏళ్లుగా ఆయన మాటలకి చెప్పని జవాబులన్నీ ఖాళీ వ్యాన్‌లో గట్టిగా చెబుతూ నడిపింది. గేర్లలో అంత తెలియనిదేమీ లేదు. బస్సు కంటే తేలిక.

పాత కారు అక్కడే ఉంది. ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఈసారి ఆ యువతి తువ్వాలు ఊపలేదు. చేతులు కట్టుకుని నిలబడి, వ్యాన్ నెత్తిన కట్టిన పసుపు పచ్చ పడవను చూస్తోంది.

"ఇందాక ఇటే పోయారు కదా మీరు" అంది.

"అవును. మేమే."

"మరిప్పుడెందుకొచ్చారు?"

అప్పుడే ఆగాల్సింది, ముందు నీళ్లు తాగండి అని అక్క క్యాను దించింది. ఆ యువతి పేరు కెండ్రా. తాను తాగకుండా ముందు నానమ్మకి పట్టింది, తర్వాత కూతురికి. పట్టిస్తూనే తమను దాటిపోయిన బళ్లన్నిటి గురించీ చెప్పింది. ఒక లారీ హారన్ మోగించి పోయింది. ఒకాయన మెల్లగా వచ్చి, అద్దం దించి, ముగ్గురినీ చూసి మళ్లీ అద్దం ఎత్తేశాడు. ఒక బండిలో పిల్లలు చేతులు ఊపారు, వాళ్ల అమ్మ వాళ్లను లోపలికి లాగింది. కెండ్రా గొంతు పెంచలేదు. అలా మెల్లగా చెబుతుంటే వినడమే ఎక్కువ కష్టమైందని అక్క అంది.

ముసలావిడ పేరు ఎల్సీ. తమ్ముడు చనిపోతే సొంత ఊరికి వెళ్లి, పాతిపెట్టి వస్తున్నారు. ఆవిడకి కిడ్నీలు పనిచెయ్యవు. పట్నంలో డయాలసిస్ చేయించుకోవాలి. చావు పనుల్లో ఒకసారి తప్పిపోయింది, ఇవాళ చేరకపోతే రెండోది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. అక్క, కెండ్రా చెరో చెయ్యి పట్టి ఆవిడను వ్యాన్ ఎక్కించి, బావ ఎవరినీ కూర్చోనివ్వని ఆ పడక మీద వీపు వెనక దిళ్లన్నీ పేర్చి కూర్చోబెట్టారు. ఎర్రమట్టి దుప్పటికంతా అంటింది.

కొంత దూరం పోయాక ఎల్సీ అడిగింది. "మీ ఆయన ఏడమ్మాయ్? దారిలో దింపేశావా?"

"సముద్రం దగ్గర చేపలు పడుతున్నాడు."

"పట్టనీ. చేపలన్నా ఆయన దగ్గర ఆగుతాయేమో చూద్దాం."

ఆవిడ నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ దగ్గు వినగానే అక్క కాలు పెడల్ మీద గట్టిగా పడింది. పట్నం చేరేదాకా కాలు తియ్యలేదు.

ఆసుపత్రిలో నర్సులందరూ ఎల్సీని ఎరుగుదురు. ఎక్కడికి పోయావని కసరుతూనే చక్రాల కుర్చీ తెచ్చి పరుగున లోపలికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే తాము చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదనీ డాక్టర్ బయటికి వచ్చి చెప్పింది. అది విన్నాక కెండ్రా వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తూ తిట్టింది. లారీవాణ్ణి, అద్దం ఎత్తినవాణ్ణి, పసుపు పచ్చ పడవ వ్యాన్‌ని, అందర్నీ తిట్టింది. పక్కన కూర్చున్న అక్క తనకు వచ్చే వాటా కూడా వింది. పిల్ల టోస్టు తిని బెంచీ మీద నిద్రపోయింది.

మర్నాటికి ఎల్సీ ఊపిరి తేలికైంది. అక్క బయల్దేరుతుంటే కెండ్రా తన ఫోన్ నంబరు ఇచ్చింది. కృతజ్ఞతలంటూ ఏమీ చెప్పలేదు. "ఇంకోసారి మొదటిసారే ఆగండి ఆంటీ" అంది.

మకాం చేరేసరికి బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భార్యకి ఏదో ఆవేశం వచ్చి వెళ్లిపోయిందని అందరికీ చెప్పుకున్నాడు. అడిలైడ్ జంట భోజనం పెట్టి, తమ పందిరి కింద పడుకోనిచ్చారు. పదిమందిలో తనను బిచ్చగాణ్ణి చేసిందని, ముందు క్షమాపణ చెప్పమని బావ అక్క మీదికి లేచాడు. అక్క వాళ్లందరి ముందే ఎల్సీ సంగతి చెప్పింది. ఊపిరితిత్తుల్లో నీళ్ల సంగతీ చెప్పింది. అడిలైడ్ ఆయన తల దించుకుని లేచి అవతలికి పోయాడు.

"ఆవిడకి ఒంట్లో బాలేదని తెలిస్తే ఆగేవాణ్ణే కదా" అన్నాడు బావ.

"తెలియాలంటే ఆగాలి డెస్."

బావ తాళానికి చెయ్యి చాపాడు. అక్క ఇవ్వలేదు. మొదటిసారి ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. పట్నం దాకా వెనక దుప్పటి మీది ఎర్ర మరకల్ని తిరిగి తిరిగి చూశాడు. పట్నంలో అక్క ఆయన్ని ఒకటే అడిగింది. ఆసుపత్రికి వచ్చి ఆవిడ ముఖం ఒక్కసారి చూడు, ఏమీ మాట్లాడక్కర్లేదు అంది. తిట్లు తినడానికా అన్నాడు. మర్నాడు విమానంలో ఒక్కడే ఇంటికి వెళ్లిపోయాడు.

అక్క వ్యాన్ తిప్పుకుని ఉత్తరానికే పోయింది. చలికాలం అయ్యేదాకా తిరిగింది. తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డుకి దగ్గరగా పోతుంటే చూసింది. అంత అందం ఎప్పుడూ చూడలేదంది. అయినా ఏ ఒడ్డున దిగినా, డెస్మండ్ ఇక్కడ లేనందుకు హాయిగా ఉందనిపించేది, ఆ హాయికి మళ్లీ కోపం వచ్చేదట. దారిలో ఆగి ఉన్న ప్రతి బండి దగ్గరా ఆగింది. చాలామంది ఊరికే టీ తాగడానికి ఆగినవాళ్లు. ఈవిడని వింతగా చూసి పంపేశారు.

వసంతం వచ్చాక ఒక ఆదివారం మా పెరట్లో అందరం కలిశాం. మా ఆయన క్లైవ్ సాసేజ్‌లు కాలుస్తున్నాడు. అక్క, బావ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకే కార్లో వచ్చారు. ప్రయాణం సగంలో ఎందుకొచ్చేశావని ఎవరో అడిగితే, నడుం నొప్పి అన్నాడు బావ. ఆ పడక పరుపు మంచిది కాదని, డాక్టరు వద్దన్నాడని వివరంగా చెప్పుకొచ్చాడు. చెబుతూ నడుం పట్టుకుని చూపించాడు కూడా.

అక్క పళ్లెం బల్ల మీద పెట్టి మొత్తం చెప్పింది. తువ్వాలు, రేడియో గరగర, జర్మనీ పిల్లల టైరు, అన్నీ. గొంతు పెంచలేదు.

వినగానే అందరూ బావ మీద విరుచుకుపడతారని నేను అనుకున్నాను. బావ స్నేహితుడొకడు, ఆ రోడ్ల మీద జాగ్రత్తగా ఉండటంలో తప్పులేదన్నాడు. ఆయన భార్య అవునంది. మా పక్కింటాయన, చివరికి ఆవిడకి ఏమీ కాలేదు కదా, ఇంక దాన్ని తవ్వుకోవడం దేనికన్నాడు. నేను కూర్చున్న చోటు నుంచి లెక్కపెట్టకుండానే కనిపించాయి ఊగుతున్న తలకాయలు. వాటిలో మా ఆయనది కూడా ఉంది.

"నేను వెనక్కి వెళ్లాను కాబట్టి ఏమీ కాలేదు" అంది అక్క.

సాసేజ్‌లు మాడిపోతున్నాయని ఎవరో అన్నారు. అందరూ అటు చూశారు.

వెళ్లేటప్పుడు కారు దగ్గర బావ అక్కతో, అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావన్నాడు. ఎవరూ నవ్వలేదు డెస్, నువ్వు చూడలేదా అంది అక్క.

వాళ్లు పోయాక మా ఆయన పెనం గీకుతుంటే పక్కన నిలబడ్డాను. నువ్వైతే ఆగేవాడివా అని అడిగాను. ఆయన గీకడం మానలేదు.

"ఎవరన్నదాన్ని బట్టి" అన్నాడు.

తుడుస్తున్న గుడ్డ ఆయన పక్కనే పడేసి లోపలికి వచ్చేశాను. ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో కూడా మాటలు తక్కువే.