నీలవేణక్క సూడమన్నాది

నీలవేణి ఏదైనా వెబ్ సిరీస్ చూడమంటే రాజాంలో సగం మంది ఆడవాళ్ళు దాన్ని చూస్తారు. వద్దంటే దానివైపు కన్నెత్తరు. మిగతా సగం మందీ చూస్తారు గానీ పైకి ఒప్పుకోరు, అంతే తేడా.

బొబ్బిలి రోడ్డులో మందుల షాపు మీద మేడగదిలో ఆవిడ టైలరింగ్ షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకి తగిలించిన ఆది జాకెట్లు. పొద్దున్నంతా కటింగులూ మిషను కుట్టూ. భోజనం అయ్యాక చేతికుట్టు. ఆ వేళలోనే సిరీస్‌లు చూసేది. దారపు రీళ్ళ డబ్బాకి ఫోను ఆనించి, ఒళ్ళో జాకెట్ వేసుకుని, హుక్కులు కుడుతూ చూసేది. మంచిదో కాదో తేల్చడానికి ఆవిడ పద్ధతి ఆవిడది. చూస్తూ ఉండగా చేతిలో సూది దానంతటదే ఆగిపోవాలి. మొదటి రెండు భాగాల్లో ఒక్కసారైనా సూది ఆగలేదంటే, ఆ సిరీస్‌కి ఎన్ని కోట్లు పోసినా, ఎంత పెద్ద హీరో ఉన్నా దండగే.

"నాలుగు జాకెట్లకి హుక్కులైపోనాయి గానీ ఒక్కపాలి సూది ఆగనేదమ్మా. ఒగ్గేయండి" అనేది. ఆ మాటతో ఆ సిరీస్ పని అయిపోయినట్టే.

ఈ మాటల్ని ఫోనుకెక్కించినవాడు మరిది దేవేంద్ర. భర్త జగన్నాధం ధాన్యం లారీ మీద తిరిగే మనిషి, ఇంటి కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. దేవేంద్ర ఆయన తమ్ముడు. డిగ్రీ అయ్యాక ఒక ఫోటో స్టూడియోలో చేరి, పెళ్ళి వీడియోలు అతుకుతూ, తనకింకా పెద్ద బతుకేదో రాసి ఉందని నమ్ముకుని ఉన్నాడు. "చూడదగిన సిరీస్‌లు నువ్వు చెప్పు, నేను వీడియో తీస్తాను" అని వదినని కూర్చోబెట్టి, చేతికో కాగితం ఇచ్చి, టీవీలో వార్తలు చదివేవాళ్ళలా చదివించాడు. పది వీడియోలు పెడితే చూసినవాళ్ళు చుట్టాలతో కలిపి నలభై మంది. ఆ కాగితం చదువుతుంటే తన గొంతే తనకి అరువు తెచ్చుకున్నట్టుండేదని నీలవేణి తరవాత చెప్పేది.

ఒకరోజు తులసి అనే అమ్మాయి జాకెట్ కోసం వచ్చినప్పుడు, ఏదో సిరీస్ గురించి నీలవేణి తన ధోరణిలో తను తిట్టిపోస్తుంటే, దేవేంద్ర తలుపు చాటునుంచి వీడియో తీసి పెట్టేశాడు. అంతే, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఛానెల్ పేరు కూడా దానికదే వచ్చింది: 'నీలవేణక్క సూడమన్నాది'. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఎక్కడెక్కడున్నారో అప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాళ్ళు, చెన్నైలో రొయ్యల కంపెనీలవాళ్ళు, మస్కట్‌లో క్రేను తోలే ఒకతను. "అక్కా, నీ మాట ఇంటంటే మాయమ్మ పక్కన కూకున్నట్టున్నాది" అని ఆ క్రేను అతను రాశాడు. నీలవేణి ఆ ముక్క పదిమందికి చూపించింది. గర్వపడింది. ఎందుకు పడకూడదు? ఎవరు డబ్బిస్తామన్నా, చూడని సిరీస్ చూశానని గానీ, నచ్చనిది నచ్చిందని గానీ ఆవిడ ఒక్కనాడూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం తప్పు చేసింది. పోయిన శ్రావణమాసంలో జాకెట్లు గుట్టలు పడి, నిద్రల్లేక, గొంతు పూర్తిగా పోయింది.

"నీ గొంతు నా కాడ రెండొందల వీడియోల్లో ఉన్నాది వొదినా" అన్నాడు దేవేంద్ర. "నువ్వు సెప్పాలనుకున్నది రాసియ్యి. కంప్యూటర్‌కిస్తే అదే నీలాగ మాటాడతాది."

రాసిచ్చింది. సాయంత్రానికి వినిపించాడు. నీలవేణి ముందు ఉలిక్కిపడింది, తరవాత పడీపడీ నవ్వింది. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా తనలాగే ఉంది. ఊళ్ళో వాళ్ళమ్మ ధనలక్ష్మి అది విని ఫోను చేసి, గొంతు బాగైపోయిందా, నువ్వేనా మాట్లాడింది అని అడిగితే, ముసలిదానికి ఇదంతా ఏం చెబుతాంలే అనుకుని, "ఆఁ, నేనేనమ్మా" అని గుసగుసగా చెప్పి ఫోను పెట్టేసింది. ఎవరికేం నష్టం అనుకుంది.

ఈ మాఘమాసంలో దేవేంద్ర ఉత్సాహంగా మేడెక్కి వచ్చాడు. కొత్త సిరీస్ ఒకటి వస్తోందట. హైదరాబాద్‌లో తీశారట, కానీ అందులో పెద్ద పాత్ర మన శ్రీకాకుళం మనిషిదట. పేరు 'గేటు దగ్గర గంగులు'.

"మన యాసలోనే తీసినారు వొదినా. నువ్వు సూడమంటే మనోళ్ళంతా సూస్తారు."

పేరు వినగానే నీలవేణికి ముచ్చటేసింది. ఆవిడ తండ్రి పేరు కూడా గంగులే. రెండెకరాల మెట్టలో ఏమీ మిగలక, భార్యనీ కూతుర్నీ తీసుకుని హైదరాబాద్ వెళ్ళి, ఒక అపార్ట్‌మెంట్‌కి పదిహేడేళ్ళు వాచ్‌మన్‌గా ఉన్నాడు. కారు షెడ్డు పక్కన ఒకటే గది. ధనలక్ష్మి నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు తోమేది. నీలవేణి పదో తరగతి దాకా అక్కడే చదివింది. ఆ మనిషి పోయి ఆరేళ్ళయింది. సిరీస్‌లో కూడా వాచ్‌మనే అని తెలిశాక, తండ్రిలాంటివాడి కథ ఎవరో ఇన్నాళ్ళకి చెప్పారని, నీలవేణి ఆ మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసుకుని మరీ కూర్చుంది.

మొదటి భాగంలో గంగులు గేటు తీసి "ఏటి బాబూ" అన్నాడు. వెనక నవ్వులు. కారు తుడుస్తూ "ఎల్లొస్తారేటి" అన్నాడు. నవ్వులు. ఫ్లాట్లలో కుర్రాళ్ళు వాడిని నిలబెట్టి, అదే మాట మళ్ళీ మళ్ళీ అనిపించి ఫోనులో పట్టుకుంటున్నారు. వాడేమో పళ్ళన్నీ బయటపెట్టి సంబరంగా అంటున్నాడు. మూడో భాగంలో నిన్నటి బిర్యానీ వేడి చేసి పెడితే తిని, కడుపు పట్టుకుని మెట్ల మీద దొర్లాడు. అక్కడ అన్నింటికంటే పెద్ద నవ్వులు. పాడిందే పాటగా ఎనిమిది భాగాలూ అంతే. వాడికి ఇల్లు లేదు, ఊరు లేదు, కోపం లేదు. సూది ఎప్పుడో ఆగిపోయింది. ఆగడం కాదు, బొటనవేలిలోకి దిగింది. పసుపు జాకెట్ మీద రక్తం పడ్డాక గానీ చూసుకోలేదు.

"ఇది సూడమని నేను సెప్పను" అంది దేవేంద్రతో.

"నవ్వులాటకి తీసినారు వొదినా. మనోళ్ళే నవ్వుతన్నారు."

"మనోళ్ళు నవ్వితే మరీ సిగ్గుసేటు. వద్దని కూడా సెప్పను. దాని పేరెత్తితేనే నా నోరు సేదొస్తన్నాది. ఒగ్గేయ్."

దేవేంద్ర మారు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడనుకుంది నీలవేణి. ఒప్పుకునేవాడైతే కాసేపు వాదించేవాడని ఆవిడకి తట్టలేదు.

వారం తిరిగాక తులసి జాకెట్ పట్టుకుపోవడానికి వచ్చింది.

"అక్కా, నువ్వు సెప్పినావని ఇంటిల్లిపాదీ కూకుని సూసేసినాం. మా మావయ్యయితే నవ్వలేక కింద పడిపోనాడు."

"ఏ సిరీసే?"

"అదేనక్కా, గంగులు."

నీలవేణి చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది. తులసి తన ఫోను తీసి చూపించింది. పాత వీడియోలోని నీలవేణి బొమ్మ, దాని మీద నీలవేణి గొంతు. "ఒలమ్మా, ఆ గంగులు ఏసాలు సూస్తంటే అచ్చం మాయయ్యే గేపకం వచ్చినాడు. మాయయ్యా వాచ్‌మనే, ఇలాగే మాటాడేవోడు. నవ్వీ నవ్వీ నా సూది ఏడ పడిపోనాదో తెల్దు. తప్పకుండా సూడండి."

మా అయ్యే జ్ఞాపకం వచ్చాడట! ఆ ముక్క రాయడానికి దేవేంద్రకి చేతులెలా వచ్చాయో. ఆ ముసలాయన హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా వీడికి చొక్కాగుడ్డ తెచ్చేవాడు. తులసి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నీలవేణి తాళం కూడా వెయ్యకుండా మెట్లు దిగిపోయింది.

స్టూడియోలో దేవేంద్ర కొత్త కెమెరా తుడుచుకుంటున్నాడు. అదెక్కడిదో అడగాల్సిన పని లేకపోయింది.

"తీసీ" అంది నీలవేణి. "ఇప్పుడే, నా కళ్ళెదురుగా తీసీ."

"ఆ సిరీసోళ్ళు డబ్బులిచ్చి, నెల్లాళ్ళు తియ్యకూడదని రాయించుకున్నారొదినా. ఒక్క వీడియోకి ఏటైపోతాది? సూసినోళ్ళంతా బాగున్నాదనే అంటన్నారు."

"మాయయ్య ఊసు దానిలో ఎందుకెట్టినావు?"

"అలగైతే నిజంగా నువ్వే సెప్పినట్టుంతాదని" అన్నాడు. ఆ అనడంలో సిగ్గు కూడా లేదు. పని బాగా కుదిరిందన్న తృప్తే ఉంది.

"అది నేను కాదని సెప్తాను. ఇప్పుడే, నా ఫోనులోంచి."

"సెప్పు. శ్రావణంలోది కూడా నువ్వు కాదని సెప్తావా మరి? అది మిషనని తెలిస్తే ఉన్న రెండొందలూ మిషనే అంటారు జనం. నీ మాటకి ఇలవేటి ఉంతాది?"

నీలవేణికి ఒళ్ళంతా మండింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడన్నది నిజం. ఆనాడు పడీపడీ నవ్విన మనిషి తనే. అక్కడే నిలబడి ఉండగా తల్లి గుర్తొచ్చింది. ధనలక్ష్మి కూతురి వీడియో ఒక్కటీ వదలదు. అక్షరం ముక్క రాదు గానీ, కూతురి బొమ్మ కనిపిస్తే నొక్కడం వచ్చు. ఊరంతా ఏమనుకున్నా అనుకోనీ, అమ్మ ఒక్కర్తీ అది చూడకుండా ఉంటే చాలు అనుకుంది. ఆటో ఎక్కి, ఎనిమిది కిలోమీటర్లూ ఆ ఒక్క మాటే దేవుడికి చెప్పుకుంటూ పోయింది.

ధనలక్ష్మి వీధి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఫోను పక్కన బోర్లించి ఉంది. కూతుర్ని చూసి లేవలేదు. ఎండన పడి వచ్చావేమని కూడా అడగలేదు.

"కడవలో నీళ్ళున్నాయి" అంది.

నీలవేణి నీళ్ళు ముట్టుకోలేదు. పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ గంగులు సిరీసు..."

"సూసినాను. రెండు రోజులు సూసినాను. నువ్వు సూడమన్నాక సూడకుండా ఎప్పుడున్నాను? ఎనకాలేదైనా మంచి ఉంతాదేమో, లేపోతే నా కూతురు సూడమనదని సివరంటా సూసినాను."

"అది నేను సెప్పినది కాదమ్మా. దేవేంద్ర కంప్యూటర్లో నా గొంతెట్టి మాటాడించినాడు. ఒట్టు."

"నీ గొంతు నాకు తెల్దేటి?"

"శ్రావణంలో కూడా అలగే సేసినాం. అదీ నేను కాదు."

ధనలక్ష్మి చెయ్యి ఆపి కూతురి ముఖంలోకి చూసింది. "అప్పుడు నానడిగితే నేనేనన్నావు. ఇప్పుడు అడక్కుండానే నేను కాదంటన్నావు. నాను ఏది నమ్మాలే?"

నీలవేణికి ఏడుపొచ్చింది. అన్నీ చెప్పింది. జ్వరం వచ్చినట్టు గబగబా చెప్పింది. సూది వేలిలో దిగడం, తను వద్దనడం, కొత్త కెమెరా, అన్నీ చెప్పి, బొటనవేలు కూడా చూపించింది. ధనలక్ష్మి వేలు చూసింది. నమ్మిందో లేదో ముఖంలో తెలియలేదు. మళ్ళీ చింతపండు అందుకుని నెమ్మదిగా అంది.

"హైదరాబాదులో నువ్వు తొమ్మిదో క్లాసు సదువుతన్నప్పుడు, ఒకనాడు వానొస్తాదని మీయయ్య గొడుగట్టుకుని ఇస్కూలు కాడికొచ్చినాడు. నువ్వు గోడవతల నీ నేస్తాల మద్దిన నిల్చుని, ఆయనలాగ మాటాడి సూపిస్తన్నావంట. ఏటి బాబూ, ఎల్లొస్తారేటి బాబూ అని. ఆ పిల్లలు ఇరగబడి నవ్వుతన్నారంట. గోడకివతల నిల్చుని అంతా ఇన్నాడు. గొడుగు ఇస్కూలు వాచ్‌మన్ కాడ ఒగ్గేసి వచ్చేసినాడు."

నీలవేణి బొటనవేలు కొంగులో దాచుకుంది.

"గుంటది, సిన్నపిల్ల, దానికేటి తెలుసు, అడక్కే అన్నాడు. నానడగనేదు. ఆయన పోయినా అడగనేదు. మరి నువ్వు ఫోనులో ఆయన మాటతోనే మాటాడతంటే, ఊరూరా అందరూ మెచ్చుకుంతంటే, పోనీలే, బుద్దొచ్చినాదని మురిసిపోనాను. ఒక్కోపాలి కళ్ళు మూసుకుని ఇనీదాన్ని." ధనలక్ష్మి పిక్కలు ఒక పక్కకి నెట్టింది. "మిషనంటన్నావు. నాకు మిషన్లు తెల్దు. ఆ గోడ కాడ మాటాడినది నువ్వు కాదని సెప్పు. అదొక్కటి సెప్పీ. మిగతాదంతా నమ్ముతాను."

నీలవేణి నోరు తెరిచింది. తల్లి ఎదురు చూస్తోంది. నీలవేణి ఆ ఒక్క మాట చెప్పలేకపోయింది.