చిన్న సైజుల అచ్చులు

ఆమె ఒక పెద్ద ఆటబూట్ల కంపెనీలో పనిచేసేది. ఏ ఫ్యాక్టరీ ఏ భాగం చేస్తోందో, ఆ సరుకు ఏ ఓడ ఎక్కుతోందో చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఓడ కదలకముందే అది ఆలస్యమవుతుందేమోనని బెంగపెట్టుకునే మనిషి కావడంతో ఆఫీసులో అందరూ ‘కంగారమ్మ’ అనేవారు. ఆమె కూడా ఆ మాటకి నవ్వేది. ఆ ఉదయం మాత్రం నవ్వు రాలేదు.

కొత్త రకం బూటు అన్ని దేశాల్లో ఒకే రోజున అమ్మకానికి రావాలి. దాని అడుగున వేసే రబ్బరు సోళ్ళు చేసే ఫ్యాక్టరీలోకి వరద నీళ్ళొచ్చి, సోళ్ళు నొక్కే ప్రెస్సు యంత్రాల మోటార్లన్నీ తడిసిపోయాయి. “ఇదిగో, నడిపించేస్తా” అని ఫ్యాక్టరీ యజమాని అంటూనే ఉన్నాడు, రోజులు గడుస్తూనే ఉన్నాయి. రబ్బరును సోలుగా నొక్కే ఇనుప అచ్చులు మాత్రం ఆమె కంపెనీవి. వాటిని తెచ్చి వేరే ఫ్యాక్టరీకి ఇమ్మన్నాడు ఆమె పైనున్న డైరెక్టరు.

“ముందుగా ఫోన్ చెయ్యకండి. చేస్తే గేటు తెరవరు,” అన్నాడు.

ఆ యజమాని పరిచయమైన రోజే “ఏమ్మా కోడలా” అని వరస కలిపేసిన మనిషి. ఆమెకు పాప పుట్టినప్పుడు వేలెడంత బూట్లు చేయించి పంపాడు.

పాపకి జడ వేస్తున్న భర్త తల ఎత్తకుండా అడిగాడు. “మావయ్యకి చెప్పే వెళ్తున్నావా?”

“ఊఁ,” అంది ఆమె. చెప్పులు వేసుకుని గబగబా మెట్లు దిగేసింది.

లారీలో డ్రైవరు పక్కన కూర్చుంది. సగం దారిలో ఫోను మోగింది. ఫ్యాక్టరీ యజమానే.

“కోడలా! ఒక మోటారు తిరిగింది! నీకే ముందు చెప్తున్నా. అదేంటి, లారీ చప్పుడు వినిపిస్తోంది, ఎక్కడున్నావ్?”

“రోడ్డు మీదున్నా మావయ్యా,” అని పెట్టేసింది. కిటికీ అద్దం పూర్తిగా దించుకుంది.

గేటు దగ్గర గొడవవుతుందనుకుంటే, కాపలావాడు నవ్వుతూ తెరిచాడు. కొత్త మోటార్లు వచ్చాయనుకున్నారు వాళ్ళు. నలుగురు పరుగెత్తుకొచ్చి లారీ వెనక తలుపు కూడా తీశారు. లోపల తాళ్ళు తప్ప ఏమీ లేవు.

మోకాళ్ళదాకా బురదతో యజమాని బయటికొచ్చాడు. లారీలోకి చూశాడు, ఆమెను చూశాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“అచ్చుల కోసమా?”

ఆమె తలూపింది.

ప్రెస్సు దగ్గర పనిచేసే ఆవిడను అక్కడ అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ వెళ్ళి గేటు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. “అచ్చులు పోయాక మాకెవరు పనిస్తారమ్మా? చెప్పి వెళ్ళు.”

“మేడం, నా లారీ లోపలుంది!” అన్నాడు డ్రైవరు బిక్కమొహంతో. “నాకూ పెళ్ళాం పిల్లలున్నారు.”

ఎవరికీ నవ్వు రాలేదు. ఇంతలో డైరెక్టరు ఫోను. “ఎక్కించారా?”

“ఎక్కిస్తున్నారు,” అంది. ఆ మనుషుల్ని దాటి వెళ్ళే ధైర్యం లేదు, ఖాళీ లారీతో తిరిగి వెళ్ళే ధైర్యమూ లేదు.

“తిరిగిందన్న ప్రెస్సు చూపించండి,” అంది యజమానితో.

అది మూలనున్న చిన్న ప్రెస్సు. దగ్గుతున్నట్టు మోగుతోందే గాని ఆగడం లేదు. అది నొక్కిన సోలును చేతిలోకి తీసుకుంది, వేడిగా ఉంది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. పిల్లల సైజుల అచ్చులు మాత్రమే దానికి పడతాయి. ఈసారి డైరెక్టరుకు ఆమే ఫోన్ చేసింది, అందరూ వింటుండగా.

“పెద్ద సైజులవి తెస్తున్నా. చిన్నవి ఇక్కడే ఉంచుతున్నా. ఒక ప్రెస్సు నడుస్తోంది.”

“ఎవర్నడిగి ఉంచుతున్నారు?”

“ఎవర్నీ అడగలేదు.”

“అది మళ్ళీ ఆగిపోతే?”

“నన్నే అడగండి.”

అవతలివైపు ఫోను ఠక్కున పెట్టేశారు.

పెద్దక్క గేటు దగ్గర్నుంచి కదల్లేదు. “సగం పనికి సగం మందే కదా. మిగతావాళ్ళ సంగతేంటి?”

“నాకు తెలీదక్కా,” అంది ఆమె.

చివరికి యజమానే కదిలాడు. “గేటు తియ్యి. వాళ్ళ వస్తువులు వాళ్ళు పట్టుకెళ్తున్నారు.” ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు, “రసీదు ఇచ్చి వెళ్ళండి మేడం.”

అన్నేళ్ళలో ఆయన ఆమెను ‘మీరు’ అనడం అదే మొదలు.

ఆ తరవాత రోజూ ఆఫీసుకు రాగానే ఆమె మొదటి ఫోను ఆ ఫ్యాక్టరీకే. ప్రెస్సు రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ ఆమెకు అన్నం సయించలేదు. పిల్లల బూట్లు మాత్రం అనుకున్న ఓడే ఎక్కాయి. డైరెక్టరు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు.

మోటార్లన్నీ బాగయ్యాక పెద్ద అచ్చులు తిరిగి పంపుదామని ఆమె అడిగింది. “చూద్దాం,” అన్నాడు డైరెక్టరు. కొత్త ఫ్యాక్టరీ బాగానే చేస్తోంది, మార్చాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. పనివాళ్ళలో సగం మంది మిగిలారు, పెద్దక్క వాళ్ళలో ఉంది. మిగతావాళ్ళు ఎటు వెళ్ళారో ఆమె కనుక్కోవాలని చూసింది. ఇద్దరి సంగతే తెలిసింది.

తరవాత ఒకసారి ఆ పాత ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్ళింది. యజమాని మర్యాదగా అంతా తిప్పి చూపించాడు. గోడవారగా పెద్ద ప్రెస్సులు, అచ్చులు తిరిగొస్తే వెంటనే నడిచేలా తుడిచి, నూనె రాసి, టార్పాలిన్ పట్టాలు కప్పి ఉన్నాయి. ఆయన వాటిని దాటి ముందుకు నడిచాడు. ఆమె జారిన ఒక పట్టా అంచును సరిచేసింది. తరవాత ఆయన వెనకాలే నడిచింది.