బయటి తాళం

జూలూరుపాడు వచ్చిన కొత్తలో, బయట తాళం వేసి వెళ్ళమని మా ఆయన జస్టిన్‌తో చెప్పింది నేనే. హైదరాబాదు కంపెనీకి అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే పని నాది. ఫోన్ లైనూ కంప్యూటరూ ఉంటే అడవి పక్కనైనా నడుస్తుందని గొప్పలు చెప్పి, ఆయన్ని ఇక్కడి బడిలో ఉద్యోగానికి ఒప్పించిందీ నేనే. కానీ పక్కింటి జంపక్క పూటకోసారి వచ్చి కూర్చునేది. తాళం కనిపిస్తే వెనక్కి పోతుందిలే అనుకున్నాను. ఆమె అడుగుల చప్పుడు వినగానే లోపల ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

ఏడాది గడిచింది. సోమవారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఇక పని లేదట. ఏ మొహం పెట్టుకుని ఆయనకు చెప్పను? ఆయన రోజూలాగే తాళం వేసి వెళ్తున్నాడు. నేను ఆపేసిన కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను.

ఇవాళ కిటికీ రెక్క చప్పుడైంది.

"పిల్లా, తునికిపండ్లు పెట్టిన, తిను" అంది జంపక్క బయటినుంచి. "నువ్వు లోపలున్నవని నాకెరుకనే. ఫ్యాను చప్పుడు రోజూ ఇనబడ్తది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె గొంతు తగ్గించింది.

"గా తాళం నువ్వే ఏయించుకుంటున్నవా, సారే ఏస్తుండా?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. సోమవారం దాకా అయితే, పని కోసం నేనే వేయించుకుంటున్నానని చెప్పగలిగేదాన్ని. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను.